చిత్తడి దిబ్బ మీద నేను కట్టిన ఇల్లు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు మొదట గుర్తొచ్చేది భయం కాదు, అద్దె. మా ఆయన పోయాక కూతుర్ని వెంటేసుకుని రాయచోటిలో పదకొండేళ్లలో తొమ్మిది ఇళ్లు మారాను. అందులో మూడు, ఏదో తిరుగుతుందని పేరుపడ్డ ఇళ్లే. అలాంటి ఇంటికి అద్దె తక్కువ. అడ్వాన్సు అడగరు. యజమాని పొద్దున్నే వచ్చి తలుపు తట్టడు. అందుకని వెతుక్కుని మరీ చేరాను. ఎలుకలు తిరిగాయి, ఒకసారి నాగుపాము తిరిగింది. ఇంకేమీ తిరగలేదు.

వేపమండలతో కొట్టించుకునే వాళ్లను చూసి నవ్విన నోరు నాది. కాబట్టి ఇది ఎవరినీ నమ్మించడానికి చెప్పడం లేదు. చూసింది చూసినట్టు చెబుతాను, అర్థం కానిది అర్థం కాలేదనే చెబుతాను.

నా పేరు రమణమ్మ. ఏడేళ్లుగా కువైట్‌లో, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఇంటావిడను ఇక్కడి అలవాటులో మామా, అంటే అమ్మా, అని పిలుస్తాను. ఇది జరిగినప్పుడు ఆమె కూతురు నూరాకు ఐదేళ్లు. ఆ పిల్లను నెలల బిడ్డప్పటి నుంచి పెంచింది నేనే. రమణమ్మ అనే పేరు దాని నోటికి లొంగక రమ్మూ అని పిలిచేది.

నేను కువైట్ వచ్చింది ఒకే ఒక్కదాని కోసం. సొంతిల్లు. పెద్దది అక్కర్లేదు. రెండు గదులు, ఎవరూ ఖాళీ చెయ్యమనలేని గడప ఒకటి. తిరుమల మెట్ల దారిలో నడిచిన ప్రతిసారీ మా వైపు ఆడవాళ్లందరిలాగే నేనూ దారి పక్కన రాయి మీద రాయి పెట్టి చిన్న ఇల్లు కట్టేదాన్ని. అలా కడితే స్వామి సొంతిల్లు ఇస్తాడంటారు. దయ్యాల మీద నమ్మకం లేదు గానీ ఆ రాళ్ల మీద ఉండేది. మనిషికి ఏది కావాలో దాని మీదే నమ్మకం పుడుతుందేమో.

రెండేళ్ల కిందట చలికాలంలో, నూరా బడికి సెలవులిచ్చినప్పుడు, మామా ఒక్క రోజు యాత్రకు పేర్లు రాయించింది. జహ్రా దాటి ఉత్తరంగా పోతే సముద్రం పక్కన చిత్తడి నేల ఉంది. రెల్లు పొదలు, ఉప్పు బురద, చలికాలంలో వచ్చే పక్షులు. వేల ఏళ్ల కిందట అక్కడ మనుషులు బతికిన గుర్తులు కూడా ఉన్నాయని, తెలిసిన పెద్దాయన వెంట ఉండి చూపిస్తాడని చెప్పారు. మామాకు అప్పుడు ఏడో నెల. అందుకని నూరా చెయ్యి పట్టుకుని నడిచే పని నాది.

మినీ బస్సు నడిపింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన లింగమన్న. యాభై దాటిన మనిషి. తెలుగు వినగానే నన్ను చెల్లె అన్నాడు. దారి పొడుగునా ఆయన మాట్లాడుతుంటే ఆ యాస వినడానికి నాకు సరదాగా ఉండింది.

అక్కడ మమ్మల్ని కలిసిన పెద్దాయన పేరు అబూ సాలెం. డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన తాతలు ఆ బురదలోనే చేపలు పట్టారట, ఉప్పు తీశారట. చెక్కల బాట మీద కాలు పెట్టే ముందు ఆయన నిలబడి, ఎదురుగా ఎవరూ లేని రెల్లు పొదల వైపు చూసి సలాం చెప్పాడు. మమ్మల్నీ చెప్పమన్నాడు.

"ఇది వాళ్ల ఇల్లు. మనం అతిథులం. చెప్పకుండా లోపలికి పోకూడదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మొహమాటానికి నేనూ గొణిగాను. మామా పందిరి కింద కుర్చీలో ఉండిపోయింది. మేము పదిహేను మందిమి బయలుదేరాం.

చెక్కల బాట చివర ఒక పాయ ఉంది. సముద్రం వెనక్కు తీసినప్పుడు అది ఆరిపోతుంది. దాన్ని నడిచే దాటి అవతల మట్టి దిబ్బ ఎక్కాం. దాని నిండా పాత గవ్వలు, ఆల్చిప్పలు. ఆ కాలం వాళ్లు తిని పారేసినవని అబూ సాలెం చెప్పాడు. వాళ్లు రెల్లును కట్టలు కట్టి, పైన తారు పూసి పడవలు చేసుకునేవారట. దిబ్బ ఒక మూల రాళ్లు గుండ్రంగా పరిచి ఉన్నాయి. అవి ఏమిటో ఆయన చెప్పేటప్పుడు నేను నూరాకు ముక్కు తుడుస్తున్నాను, వినలేదు. ఇక్కడి నుంచి ఏదీ తీసుకుపోవద్దన్న మాట మాత్రం విన్నాను.

తీసుకుపోలేదు కూడా. అందరూ దుర్భిణీలతో పక్షులను చూస్తుంటే నేను ఆ రాళ్ల దగ్గర కూర్చున్నాను. చేతులు ఊరుకోలేదు. మూడు రాళ్లు మూడు వైపులా నిలబెట్టాను. నూరా ఒక పలకరాయిని చూపించి అది కప్పు అంది. బరువుగా ఉంటే రెండు చేతులతో లేవనెత్తి పైన పెట్టాను. కళ్లు మూసుకుని మొక్కుకున్నాను. తిరుమల మెట్లయితేనేం, కువైట్ బురదయితేనేం, రాయి రాయే కదా అనుకున్నాను.

కళ్లు తెరిచేసరికి అబూ సాలెం పక్కన నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇది సమాధి" అన్నాడు నెమ్మదిగా. "చిన్నపిల్లది. నీ చేత్తోనే విప్పి ఎక్కడివక్కడ పెట్టు. ఇక్కడ ఇల్లు కడితే అది ఖాళీగా ఉండదు."

ఒళ్లు చచ్చిపోయింది. దయ్యానికి కాదు, సిగ్గుకి. ఎవరి బిడ్డ మీద రాళ్లో తీసి నా ఇల్లు కట్టుకున్నాను. గబగబా విప్పాను. ఏ రాయి ఎక్కడిదో గుర్తు లేదు. ఉజ్జాయింపుగా పెట్టేశాను.

నీళ్లు తిరిగి వచ్చే వేళయిందని ఆయన యల్లా యల్లా అంటూ అందరినీ తొందరపెట్టాడు. పాయలో అప్పటికే తేమ ఊరుతోంది. నూరా బూట్లకు బురద పట్టింది. చెక్కల బాట ఎక్కాక అక్కడే కూర్చోబెట్టి బూట్లు విప్పి ప్లాస్టిక్ సంచిలో వేశాను. తెల్ల మేజోళ్లతో నిలబడింది. ఇది బాగా గుర్తు. సంచికి ముడి వెయ్యడానికే దాని చెయ్యి వదిలాను.

ముడి వేసి తల ఎత్తేసరికి పిల్ల లేదు.

బాటకు రెండు పక్కలా నిలువెత్తు రెల్లు. ముందు మనుషులున్నారు, వెనక పాయ. పిలిచాను. ఇంకోసారి పిలిచాను. మూడోసారి అరిచాను. అందరూ వెతకడం మొదలుపెట్టారు. రెల్లులో దిగినవాళ్లు మోకాలి దాకా కూరుకుపోయి, కష్టపడి పైకి వచ్చారు. నేను ఫోన్ చూసుకున్నాను, రెండుంబావు. ఎందుకు చూశానో తెలియదు. దూరంగా పందిరి కింద ఏడు నెలల గర్భిణి నవ్వుతూ టీ తాగుతోంది. ఆమెకు ఏం చెప్పాలో, ఏ నోటితో చెప్పాలో తెలియలేదు. అది నా కడుపున పుట్టలేదు. కానీ నా చేతి ముద్దలు తిని పెరిగింది.

బాట చివర మోకాళ్ల మీద కూలబడ్డాను. ఎవరితో మాట్లాడుతున్నానో నాకే తెలియకుండా పైకే అన్నాను.

"తల్లీ, తప్పయిపోయింది. నాకు ఇల్లొద్దు. ఈ జన్మకొద్దు. ఆ బిడ్డను నా చేతిలో పెట్టు, సాలు."

అప్పుడు అబూ సాలెం నా భుజం తట్టాడు. దిబ్బ వైపు చెయ్యి చూపించాడు.

నూరా దిబ్బ మీద కూర్చుని ఉంది. పాయ నిండా నీళ్లు. ఆయన దిగాడు, ఆయన వెనకే నేనూ దిగాను. వద్దంటున్నా వినలేదు. నాకు నడుము దాకా వచ్చాయి. కింద బురద కాళ్లను లాగుతోంది. అవతలికి చేరడానికి చాలాసేపు పట్టింది. నూరా ఏడవడం లేదు. గవ్వలు ఏరి ఒళ్లో పోసుకుని ఉంది.

దాని మేజోళ్లు తెల్లగానే ఉన్నాయి, పొడిగా ఉన్నాయి. నేను వాటిని చేత్తో తడిమి చూశాను. బూట్లు ఇంకా నా మోచేతికి వేలాడుతున్న సంచిలోనే ఉన్నాయి.

దాని పక్కన మూడు రాళ్లు, పైన పలకరాయి. నేను విప్పేసిన ఇల్లే. ఆ పలకను ఐదేళ్ల పిల్ల కదిలించలేదు. విప్పేద్దామని వంగితే అబూ సాలెం నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. అది నువ్వు కట్టింది కాదు" అన్నాడు.

మళ్లీ సలాం చెప్పి పిల్లను భుజాల మీద ఎక్కించుకుని పాయ దాటించాడు. ఇవతలికి వచ్చాక నూరాను అడిగాను, ఎందుకు పోయావు, ఎలా పోయావు అని. అది నన్ను వింతగా చూసింది.

"నువ్వే కదా ఎత్తుకుపోయావు రమ్మూ" అంది.

ఎలా ఎత్తుకున్నానని అడిగితే, నా నడుము పక్కకు వచ్చి కాలు చాపి చూపించింది. సంకన ఎక్కించుకున్నానట. నా నడుము అరిగిపోయి చాలా ఏళ్లయింది. ఆ పిల్లను ఏనాడూ నేను సంకనెత్తుకోలేదు. వాళ్లింట్లో బిడ్డలంతా తోపుడు బండిలోనే పెరుగుతారు. పిల్ల ఇంకో మాట కూడా అంది. నేను ఒక్క మాటా మాట్లాడలేదట. నా దగ్గర కొత్త రోడ్డు వాసన వచ్చిందట.

అప్పుడు చూశాను. గౌను పక్కన, చంక కింద, అరచెయ్యంత నల్లటి మరక. వేలితో తాకితే అంటుకుంది. తారు.

మామాకు నేనే చెప్పాను. దాచడం నాకు చేతకాదు. పిల్ల కనబడకుండా పోయిందని, దిబ్బ మీద దొరికిందని చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఆమె పిల్లను కావలించుకుని చాలాసేపు వదల్లేదు. నన్ను పంపించేస్తుందనుకున్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఎప్పటిలాగే పిల్లకు తల దువ్వమంది. ఖలాస్, అంతే.

కానీ ఆ రోజు బస్సెక్కేటప్పుడు జరిగింది చెప్పాలి. నడుము దాకా బురదతో ఉన్న నన్ను చూసి లింగమన్న ఆశ్చర్యపోయాడు.

"ఏందే చెల్లె, గిట్లయినవ్? ఇందాక పాపను సంకలేసుకొని నీళ్ల ఒడ్డుపొంటి మంచిగనే పోయినవ్ గదా. చెయ్యి ఊపిన, నువ్వు నా దిక్కు సూడనే లేదు."

నేను కాదని చెప్పాను. ఆయన నా పచ్చ స్వెటర్ వైపు చూశాడు.

"అవ్ గదా, పచ్చది. ఆమె కట్టుకున్నది మట్టి రంగుది" అన్నాడు.

రెండేళ్లుగా దీన్ని తిప్పితిప్పి చూస్తున్నాను. లింగమన్నకు షుగరుంది, చూపు ఆనకపోవచ్చు. పసిపిల్ల మాటలు పసిపిల్ల మాటలే. తారు, బస్సు ఆగిన రోడ్డు మీద అంటుకుని ఉండొచ్చు. రాళ్లను ఆ గుంపులో ఇంకెవరో పేర్చి ఉండొచ్చు. ఒక్కొక్కదానికి ఒక్కో జవాబు దొరుకుతుంది. పొడి మేజోళ్లకు మాత్రం దొరకదు. ఆ పాయ దాటడానికి రెండో దారి లేదు. అవి నేను తడిమి చూసిన మేజోళ్లు.

కిరోసిన్ పెట్టాను, నిమ్మకాయ పెట్టాను. మరక పోలేదు. ఎందుకో మామా ఆ గౌను పారెయ్యలేదు. బట్టలు సర్దేటప్పుడల్లా అడుగు అరలో నాకు కనిపిస్తుంది.

పోయిన నెల నా కూతురు హారిక రాయచోటి నుంచి ఫోన్ చేసింది. ఇరవై రెండేళ్లది, అక్కడే ఆసుపత్రిలో నర్సు. ఆ యాత్రకు ముందే నా జీతంతో కొన్న స్థలంలో పునాదికి మేస్త్రీ ముహూర్తం అడిగాడట. మొదటి రాయి పెట్టడానికి నన్ను రమ్మంది. రానన్నాను. ఇల్లే వద్దన్నాను. ఎందుకని నిలదీస్తే జరిగిందంతా చెప్పాను.

"మా, నువ్వు యాడనో బురదలో మొక్కుకుంటే నేనెందుకు మా అద్దింట్లో ఉండాల?" అంది. ఏడుస్తోంది.

దాని మాటలో తప్పు లేదు. తొమ్మిది ఇళ్లలోనూ నాతోపాటు గిన్నెలు మోసింది అదే. కానీ నేను ఎవరికి మాటిచ్చానో నాకు తెలియదు. మనిషో, మనసు చేసిన మాయో చెప్పలేను. నేను అడిగింది మాత్రం నా చేతిలో పెట్టారు. ఇచ్చిన మాట తప్పితే, తిరిగి తీసుకోవడానికి వచ్చినవాళ్లు ఈసారి నూరానే తీసుకుపోతారని ఏముంది? నాకూ ఒక ఆడబిడ్డ ఉంది.

అందుకని స్థలం దాని పేరుకు మార్చమని చెప్పాను. ఇల్లు అది కట్టుకుంటుంది, మొదటి రాయి అదే పెడుతుంది. నేను ఆ ఇంట్లో రాయి ముట్టను, రాత్రి పడుకోను. కువైట్ నుంచి వచ్చేసిన రోజున ఉండడానికి అదే వీధిలో నాకో అద్దె గది చూసిపెట్టమన్నాను.

ఏదో తిరుగుతుందని అద్దె తగ్గించే గది మాత్రం వద్దన్నాను.