రాత పైకే పెట్టిన

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కిరాయికున్న గది ఒకప్పటి గోడౌను. కప్పు ఎంతో ఎత్తు. పోచంపల్లి నుంచి వచ్చిన ఓనరాంటీ ఆ గదిలోకి ఎప్పుడొచ్చినా ముందు పైకి చూసి, తర్వాతే నన్ను చూసేది. "గింత ఎత్తెందుకు బిడ్డా? మనుషులం గింతే ఉంటం గద!" అనేది.

గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చిన నాకు ఫాల్స్ సీలింగ్ వేయించుకునే స్తోమత ఎక్కడిది? ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆంటీ పాత దుప్పట్లు, మధ్యలో ఓ తెల్లగుడ్డ కలిపి కుట్టి, తాళ్లతో పందిరిలా కట్టేసింది. ఆ ఖాళీ గోడౌను ఒక్కసారిగా ఇల్లయిపోయింది.

మురిసిపోతూ పందిరికి పైనున్న ట్యూబ్‌లైటు వేశాను. ఆ వెలుగుకి తెల్లగుడ్డలోంచి పెద్ద పెద్ద అక్షరాలు తిరగబడి కనిపించాయి: ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె.

మొన్న ఎల్బీనగర్ ర్యాలీలో ఆంటీ పట్టుకున్న బ్యానరే అది!

"ఆంటీ, ఇదేంటండీ!" అని అరిచాను.

ఆమె పరుగున వచ్చి, ఎప్పటిలాగే ముందు పైకి చూసింది. నాలుక కరుచుకుంది.

"రాత పైకే పెట్టిన గద బిడ్డా! అది బల్లులకు, నీకు గాదు. రేపు ర్యాలీకి గావాలె, పొద్దుగాల ఇప్పుత. గప్పుడు జర నిచ్చెన పట్టుకో, మాపటికి మల్ల కడ్త."