దర్జీ ఆవిడ అడిగిన కొలత

మా వీధి దర్జీ ఆవిడ కూతురు సైన్యంలో చేరి శిక్షణకి వెళ్ళింది. అక్కడ ఆదివారం సాయంత్రం పది నిమిషాలు మాత్రమే ఫోను చేతికిస్తారు. ఆ వేళకి ఈవిడ కుట్టుమిషను ఆపేసి ఎదురుచూసేది.

ఒక ఆదివారం నా ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చి అక్కడే కూర్చున్నాను. ఫోను మోగింది. ఆవిడ స్పీకరు పెట్టింది.

"ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నానమ్మా."

"నడుమెంత ఇప్పుడు?"

"ఇరవై ఎనిమిదే. ఏం మారలేదు."

ఆవిడ పెదవి విరిచింది. "ముప్ఫై ఏళ్ళుగా టేపు పట్టుకుంటున్నా. నడుము కొలత నోటితో నిజం చెప్పినవాళ్ళని ఒక్కళ్ళనీ చూడలేదు. బెల్టు ఎన్నో చిల్లుకి పెడుతున్నావో చెప్పు."



"చిల్లులు అయిపోయాయమ్మా. మేకుతో కొత్తది పొడిచాను." ఆ వెంటనే ఏడుపు. "తిండి సయించట్లేదు. వచ్చేస్తానమ్మా."

రమ్మనే మాట ఆవిడ నోటిదాకా వచ్చి ఆగడం నేను చూశాను.

"రావాలంటే రా తల్లీ, నేనేమీ అనను. కానీ ఏడుస్తూ తేల్చుకోకు. వచ్చే ఆదివారం కూడా ఇదే మాటంటే, నేనే వచ్చి తీసుకొస్తా."

పై ఆదివారం నా దగ్గర కుట్టించాల్సిందేమీ లేదు. అయినా వెళ్ళాను. ఆవిడ ఎందుకొచ్చావని అడక్కుండా నాకు కుర్చీ జరిపింది.

ఫోను మోగగానే కూతురే మొదలుపెట్టింది. "పాత చిల్లుకే పెట్టానమ్మా. బిగుతుగా కూడా ఉంది."

"వారంలోనే? ఎవరికే చెవిలో పువ్వులు పెడతావు?"

"సరే, వదులుగానే ఉంది." ఆ పిల్ల నవ్వింది. "అయినా ఇక్కడే ఉంటానమ్మా."