జ్వరం రాని విద్యార్థి

గోపన్‌పల్లి చుట్టూ ఏడూళ్ల శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖ్ మా ముత్తాత. మా తాతగారు తీర్పు చెబితే ఎవరూ కోర్టుకెక్కేవారు కాదు. ఆ ఇంట్లో జీతానికి పనిచేసిన మొదటివాణ్ని నేను. ప్రభుత్వ వైద్య కళాశాలలో అనాటమీ ప్రొఫెసర్‌గా పదవీ విరమణ చేసి, కరోనా తగ్గిన మరుసటి ఏడాది గచ్చిబౌలి అవతల ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో విభాగాధిపతిగా చేరాను.

మొదటి సంవత్సరం విద్యార్థులను రోల్ నంబర్ల వరుసన, ఒక్కో మృతదేహానికి ఎనిమిది మంది చొప్పున టేబుళ్లకు పంచుతాము. పక్కన ఎవరు నిలబడతారన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ ఏడాది ఒక టేబుల్ దగ్గర ముగ్గురు నాకు బాగా గుర్తు. లిఖితది గుంటూరు కుటుంబం, తల్లిదండ్రులిద్దరూ రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. చరణ్ కర్నూలు రియల్ ఎస్టేట్ వ్యాపారి కొడుకు, మేనేజ్‌మెంట్ సీటు. మహేశ్ తండ్రి మూత్రపిండాలు చెడేదాకా ఆఫీసు బస్సు నడిపాడు. మహేశ్‌ది ర్యాంకుతో వచ్చిన సీటు, ఫీజు ప్రభుత్వానిది.

మహేశ్ మృతదేహపు ముంజేతి నరాలను తెగకుండా విడదీసేవాడు. అలాంటి చెయ్యి తరచుగా కనబడదు. చలికాలం వచ్చేసరికి డిసెక్షన్‌కు రావడం బాగా తగ్గించేశాడు. కారణం లిఖిత వల్ల తెలిసింది. ఒక ఉదయం కాలేజీ బస్సు తప్పిపోయి, మెట్రో దగ్గర ఆమె బైక్ టాక్సీ పిలిస్తే వచ్చింది అతనే.

"మా టేబుల్లో ఫైవ్ స్టార్ రైడర్ ఉన్నాడండీ సార్" అంది నవ్వుతూ. ఆ రోజు వచ్చిన మహేశ్ కూడా నవ్వాడు. డిసెక్షన్ జరిగే వేళ, ఆఫీసులకు జనం పరుగెత్తే వేళ ఒకటే. తండ్రి డయాలసిస్ ఖర్చు ఆ వేళలోనే రావాలి.

ప్రాక్టికల్స్‌కు ఎనభై శాతం హాజరు లేకపోతే పరీక్షకు అనుమతి లేదు. అనారోగ్యమైతే సర్టిఫికెట్ మీద మినహాయింపు ఉంటుంది. ఆ ఏడాది హాజరు తగ్గింది మహేశ్‌కూ చరణ్‌కూ. చరణ్ తన సర్టిఫికెట్ నా బల్ల మీద పెట్టి, మహేశ్ వైపు తిరిగాడు.

"మా మామ క్లినిక్‌లో రాయిస్తాలేరా. నీకేం కావాల, టైఫాయిడా, కామెర్లా?"

మహేశ్ నాతో అన్నాడు. "నాకు జరం రాలే సార్. బండి నడిపిన. అదే రాసుకోండ్రి."

ఏడాది పోతే, మళ్లీ చదివే ఏడాదికి ఫీజు ప్రభుత్వం ఇవ్వదని అతనికి తెలియజెప్పాను. ఎరికే సార్, అన్నాడు.

చరణ్ కాగితాన్ని తిరస్కరించే అధికారం నాకు లేదు, సంతకం చేశాను. మహేశ్ కోసం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడటం మా ఇంటి అలవాటు కాదు, నిలబడ్డాను. బతుకుతెరువు అన్న కారణం నిబంధనల్లో లేదని ఆయన చెప్పారు. అది నిజమే.

చరణ్ పరీక్ష రాశాడు. మహేశ్ తిరిగి రాలేదు. చేరిక గడువు దాటాక ఖాళీ అయిన సీటును ఇంకెవరికీ ఇవ్వరు. ఆ బ్యాచ్ చదువు ముగిసేదాకా అది అలాగే ఉంటుంది.

వైద్య కళాశాల గేటు అన్ని రకాల ఇళ్ల పిల్లలకూ తెరుచుకుంటుంది. హాజరు నిబంధన మాత్రం ఉదయం పూట పిల్లవాడి సంపాదనతో పనిలేని ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇంతే.

విద్యార్థిగా నా హాజరు ఏనాడూ తగ్గలేదు. ఆ ఏళ్లలో నాన్నగారు గోపన్‌పల్లి మామిడితోటను ముక్కలు ముక్కలుగా అమ్మారు. చివరి ముక్క నా ఫైనల్ పరీక్షలప్పుడు, మోటబావితో సహా అమ్ముడుపోయింది.