నేను కలిపిన మాట

నా నోరు మంచిది కాదు. మా అవ్వ నా చిన్నప్పటినుంచి గీ మాట అంటనే ఉన్నది. ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెప్పవట్టి ఇరవై ఏండ్లయినంక గూడ అంటనే ఉన్నది. గా నోరే లేకపోతే నాకు గీ కొలువు ఏడ దొరికేది అని నవ్వి ఊకునేదాన్ని. పోయినేడు ఎండకాలంల చేసిన పని యాదికొస్తే మాత్రం ఇప్పటికీ తిన్నది అరగది.

కరీంనగర్ల మేం కొంతమందిమి నెలకొకపారి, ఆదివారం సాయంత్రం, ఒక లైబ్రరీ మీది గదిల కలుస్తం. రిటైరైన సార్లు, బ్యాంకు ఉద్యోగులు, నా అసొంటి టీచర్లు. ఒకలు ఒక రచయిత గురించి చెప్తరు, మిగిలినోళ్ళు చాయ్ తాగుకుంట ఇంటరు. ఆ నెల నా వంతు. నేను ఒక అమెరికా కథకుణ్ణి పట్టుకున్న. ఆయన పోయి చానా ఏండ్లయింది. పుట్టిన చిన్న ఊర్లెనే బతికిండు, గా ఊర్లెనే పోయిండు. మంగలి షాపు, చర్చి గేటు, బట్టలుతికే ఆడామె, గివే ఆయన కథలు. ఒక్కటి గూడ పది పన్నెండు పేజీలు దాటది. సదివినంతసేపు నవ్వొస్తది, పుస్తకం మూసినంక మనసంత ఎట్లనో అయితది. రెండు నవలలు గూడ రాసిండు గని ఎవ్వలు పట్టించుకోలే, కథలతోనే నిలవడ్డడు. తమ ఇండ్లల్ల ముచ్చట్లు కథల్లకు గుంజిండని ఊరోళ్ళు ఆయనతోని మాటలు బందు పెట్టిండ్రట. ఇప్పుడేమో గా ఊరోళ్ళే ఆయన ఇంటికి బోర్డు పెట్టి, చూడవచ్చినోళ్ళకు ఆయన మొకం అచ్చేసిన చాయ్ కప్పులు అమ్ముతున్నరట.

ఇవన్ని చెప్పిన. అరగంట అయింది. ముందు వరుసల ఒక సారు ఫోన్ల క్రికెట్ చూస్తుండు. ఎనుక ఒకాయన ఆవులిస్తుండు. నాకు మండింది. ఆ కథకుని గొప్పతనం ఏంది అంటే, భక్తి గల్ల మనిషి కడుపుల ఉన్న అసలు మాటను ఒక్క నిమిషంల బయటవెడ్తడు. గది వీళ్ళకు ఎట్ల సమజయితది? మనోళ్ళ ముచ్చటే ఒకటి చెప్తే అయిపాయె అనుకున్న. అనుకునుడు ఎంతసేపు, చెప్పుడు ఎంతసేపు. "మా చర్చి సంఘంల ఒకామె ఉన్నది," అని మొదలువెట్టిన.

ఆ ఒకామె ఎవ్వలో చెప్పాలె. మా గల్లీల మూడో ఇల్లు. నేను అక్కా అంటే ఆమె చెల్లె అంటది. బట్టలు కుడ్తది. చర్చిల పాటలు ఎత్తుకునేది ఆమెనే, ఆదివారం ఆమె గొంతు లేకపోతే ఆరాధన మొదలే కాదు. మొగడు దుబాయిల ఉంటడు. అత్తకు పక్షవాతం వచ్చి నాలుగేండ్లు మంచంల ఉంటే తానం పోసుడు, బువ్వ తినిపిచ్చుడు, పక్క మార్చుడు అన్ని అక్కనే చేసింది. ముసలామె పోయిన రెండు నెలలకు ఒక గురువారం మా ఆడోళ్ళ ప్రార్థనల ఆమె ఏడ్సుకుంట చెప్పింది. "ఒకనాడు ఓపిక లేక, దేవా, ఇగ ఈమెను తీస్కపో అని అడిగిన. గా వారంలనే తీస్కపోయిండు. నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి," అన్నది. మేం ఎనిమిది మందిమి ఆమె మీద చెయ్యి పెట్టి ఏడ్సినం.

గురువారం ప్రార్థనల ఎవ్వల బాధ వాళ్ళు చెప్పుకుంటరు. మొగడు తాగొచ్చి కొట్టింది చెప్పుకుంటరు, బిడ్డ ఎవ్వనితోనో మాట్లాడుతున్నది చెప్పుకుంటరు. గా మాట గడప దాటద్దు. ఇది ఏడ రాసి లేదు, ఎవ్వలు నేర్పలే, గని మాలో చిన్నపిల్లకు గూడ ఎరుకే. నేను దాన్ని తెచ్చి లైబ్రరీల పెట్టిన.

అంతటితోని ఆగినా బాగుండు. అత్తను తీస్కపొమ్మన్నది అని చెప్తే గదంత సప్పుడు లేకుండయింది. క్రికెట్ సారు ఫోను పక్కకు పెట్టిండు. నాకు ఇంకింత ఊపొచ్చింది. "దేవా, మా అత్తను జల్ది తీస్కపో. గని ఆదివారం మాత్రం వద్దు, ఆనాడు నేను పాటలు పాడాలె, అని ప్రార్థన చేసిందట!" అన్న. అక్క గా మాట అనలే. నేనే కలిపిన. గదంత పకపక నవ్విండ్రు. ఒక పెద్దసారు మాత్రం నవ్వలే. "మరి ఆ అమెరికా ఊరోళ్ళు తర్వాత ఎట్ల బతికిండ్రమ్మా?" అని అడిగిండు. "వాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవ్వలకు యాదున్నయి సార్? కథే యాదున్నది," అన్న. చప్పట్లు కొట్టిండ్రు. ఆనాడు ఇంటికి గాల్ల తేలుకుంట పోయిన, సిగ్గులేనిదాన్ని.

ఎవ్వలో వీడియో తీసిండ్రు. నాలుగు రోజులల్ల అది మా చర్చి వాట్సాప్ గ్రూపులకొచ్చింది. పేరు చెప్పలే గదా అని నాకు ధైర్యం ఉండె. పాటలు పాడే మనిషి, అత్త పోయిన మనిషి మా సంఘంల ఇంకెవ్వలున్నరు? పెద్దపల్లిల ఉన్న ఆడిబిడ్డ, అంటే ముసలామె బిడ్డ, ఎవ్వలో పంపితే ఆమె గూడ చూసింది. ఇంకో పది రోజులల్ల ముసలామె ఏడాది జ్ఞాపకార్థ కూడిక ఆ ఆడిబిడ్డ ఇంట్లనే పెట్టుకున్నరు. "మా అవ్వ సావాలని మొక్కినదానివి, నా గడప తొక్కద్దు," అని ఫోన్ల చెప్పిందట. నాలుగేండ్లు చేసినామెకు ఆ కూడికల జాగ లేకుండ పోయింది. దుబాయిల ఉన్న మొగడు గూడ మూడు రోజులు ఫోను ఎత్తలేదట.

నేను అక్క ఇంటికి పోయిన. మిషన్ మీద జాకెటు కుడ్తున్నది. కాళ్ళు ఆపలే. "అక్కా, తప్పయింది," అన్న. ఎన్నిపార్లన్ననో. ఆఖరికి దారం తెంపుకుంట అన్నది: "ఆదివారం వద్దని నేను ఎన్నడు అన్న చెల్లె?"

"అనలే. నేనే కలిపిన."

"నేను చెప్పినప్పుడు మీరందరు ఏడ్సిండ్రు. నువ్వు చెప్తే నవ్విండ్రు," అన్నది. మల్ల మిషన్ తొక్కవట్టింది. తిట్టినా బాగుండు, రెండు దెబ్బలు కొట్టినా బాగుండు. నేను గట్లనే కూసుండి కూసుండి లేచొచ్చిన.

ఇంటికొచ్చి ఆ కథకుని పుస్తకం తీసిన. ముందుమాటల ఆయన తాగుడు, ఆయన ఒంటరితనం, ఆయన గొప్పతనం అన్ని కలిసి ఇరవై పేజీలున్నయి. బట్టలుతికే ఆమె గురించి సగం వాక్యం ఉన్నది. కథ అచ్చయినంక ఆమె ఊరు ఇడిసి పోయిందట. ఏడికి పోయింది, ఎట్ల బతికింది, రాయలే. నేను ఈ ముందుమాట మూడుపార్లు సదివిన మనిషిని, గా సగం వాక్యం మీద ఎన్నడు ఆగలే.

మర్నాడు కాలేజీకి లీవు పెట్టి పెద్దపల్లి బస్సెక్కిన. అక్కకు చెప్పలే. చేసిన తప్పు నేనే సాఫ్ చేస్త అని పట్టుదల. ఆడిబిడ్డ వాకిట్ల వడ్లు ఆరబోస్తుండె. నన్ను చూసి చీర కొంగు దోపుకొని నిలవడ్డది. ఆదివారం ముచ్చట నేనే అల్లిన అని చెప్పిన.

"మరి మిగిలింది? మా అవ్వను తీస్కపొమ్మని అడిగింది నిజమా, కాదా?"

నిజమంటే అక్క పని అయిపోయినట్టే. ఊకుంటే గూడ నిజమన్నట్టే. "అది గూడ నేనే కల్పించిన. అమెరికా కథల ఉన్నది, మా సంఘంల జరిగినట్టు చెప్పిన," అన్న. ఆమె నన్ను బాగ తిట్టింది. "సదువుకున్న ముండవు, నీ నోట్ల మన్ను వడ," అన్నది. నేను తలకాయ దించుకొని ఇన్న. తిట్టినంక కండ్లు తుడుచుకొని నా ముందటనే అక్కకు ఫోను చేసింది. "వదినా, రా. గదంత గీ టీచరు అల్లిన కథేనట. నువ్వు రాకుంటే కూడిక ఏంది," అన్నది. బస్సుల ఎనుకకొస్తుంటే నాకు పానం నిమ్మలమయింది. అబద్ధమైతే ఏంది, పని అయింది గదా అనుకున్న.

కూడికకు అక్క, నేను ఒక్క బస్సుల పోయినం. తొవ్వల ఆమె మాట్లాడలే. అలిగింది, పోతది తియ్యి అనుకున్న. పెద్దపల్లిల ఇంటి నిండ చుట్టాలు. పాట అయింది, బైబిల్ వాక్యం అయింది. పాస్టర్ అయ్యగారు, "అమ్మగారి గురించి ఎవ్వలన్న సాక్ష్యం చెప్తరా?" అని అడిగిండు. అక్క లేచింది.

"మా అత్తకు నాలుగేండ్లు చేసిన. ఒకనాడు చెయ్యబుద్ధి కాక, ఈమెను తీస్కపో దేవా అని అడిగిన. అది కథ కాదు. నేను అడిగిన. ఆదివారం మాట మాత్రం నాది కాదు," అన్నది. "మా అత్తతోని మాఫ్ చెయ్యిమని అడుగుదామంటే ఆమె లేదు. గందుకే ఆమె బిడ్డ ముందట చెప్తున్న."

ఆడిబిడ్డ లేచి లోపలికి పోయింది. జరసేపటికి మొకం కడుక్కొని వచ్చి, అక్కను చూడకుండనే ఆమె పక్కన కూసున్నది. అయ్యగారు ప్రార్థన చేసిండు. అన్నాలకాడ ఆడిబిడ్డ వడ్డిస్తుంటే అక్క విస్తారు దగ్గర చెయ్యి జర ఆగింది. తర్వాత కూర వేసింది.

బస్టాండ్ల నేనే ఆగలేక, "ఎందుకు చెప్పినవక్కా? నీకోసమే గదా నేను అబద్ధమాడింది," అన్న.

అక్క నా దిక్కు తిరిగింది. "ఆమె మలమూత్రాలు ఎత్తిన చేతులు నావే. ఆ ప్రార్థన గూడ నాదే. నా పాపం నేను ఒప్పుకొని, దాన్ని దేవునికాడ ఇడిసిపెట్టుకున్న. నువ్వు మొదలు దాన్ని నవ్వులపాలు చేస్తివి. తర్వాత అది లేనే లేదంటివి. రెండుపార్లల్ల ఒక్కపారన్న, అక్కను అడుగుదాం అనిపియ్యలేదా చెల్లె నీకు?"

కరీంనగర్ బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంట ఎక్కుతున్నరు.

"అనిపియ్యలే అక్కా," అన్న.

ఆమె తలూపింది. బస్సెక్కి, ముందట ఆడోళ్ళ సీట్ల కిటికీ పక్కకు కూసున్నది. పక్క సీటు ఖాళీగనే ఉండె. నేను దాన్ని దాటి ఎనుకకు పోయి, కమ్మి పట్టుకొని నిలవడ్డ.