ఐదు చాకులు చాలన్నారు

మొదట మూడు చాలన్నారు మా ఆయన. నేను పన్నెండన్నాను. ఆదివారం అన్నాల దగ్గర మొదలైన బేరం, కంచాలు తీసేసరికి ఐదు దగ్గర ఆగింది.

"ఐదు ఉంచుకో, మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్. ముప్పై ఏడు చాకులేసుకుని కొత్త ఫ్లాటుకి మారితే వాచ్‌మన్ గేటు తీస్తాడటే?"

"మీ మోగని రేడియోలు మూడున్నయి కదా. వాటికి తీస్తడా?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. కృష్ణ ఒడ్డు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి, నన్ను చేసుకుని, ఎక్కడ ఊరుకోవాలో బాగా నేర్చుకున్న మనిషి. నాతో వాదన పెట్టుకుని ఊరుకోగలిగిన వాళ్లు మావాళ్లలో ఇద్దరే ఉన్నారు. ఒకరు ఈయన. రెండోవాడు నా తమ్ముడు. తమ్ముడు ఊరుకుని ఆరేళ్లయింది.

పటాన్‌చెరులో కిరాయికున్న ఆ పెంకుటింటికి పొడవాటి వరండా ఉండేది. ఆ మధ్యాహ్నం సన్నగా ముసురు పట్టింది. పాత దుప్పటి పరిచి, దాని మీద బిస్కెట్ల డబ్బా బోర్లించాను. ముప్పై ఏడు మడత చాకులు గలగలమని పడి, నిద్రపోతున్న చేపల్లా ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. గాలి ఎటు తిరిగితే అటు మందుల ఫ్యాక్టరీల పుల్లటి వాసన తిరుగుతోంది. బొంబాయి రోడ్డు మీద లారీల చప్పుడు వానలో నానిపోయి, ఎక్కడో ఎవరో బట్టలు పిండుతున్నట్టు మెత్తగా వినిపిస్తోంది.

ఆడదానికి చాకుల పిచ్చేమిటని చాలామంది అడిగారు. పీటకత్తి ముందు కూర్చుంటే ఎవరూ అడగరు. అదే కత్తి మడిచి హ్యాండుబ్యాగులో వేసుకుంటే మాత్రం అందరికీ సందేహమే.

ఎనభైల నడుమ, కెమిస్ట్రీలో డిగ్రీ పట్టుకుని ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. ముడిసరుకు లారీ వచ్చినప్పుడల్లా గోదాముకు వెళ్లి, సంచి కుట్టు విప్పి, పరీక్షకు గుప్పెడు పొడి తీసుకురావాలి. గోదాము గుమాస్తా దగ్గర ఒక చాకుండేది. అది నాకిచ్చేవాడు కాదు. "మీకెందుకు మేడమ్, చెయ్యి తెగుతది. మావోళ్లు వస్తరు, కోస్తరు, జెర ఆగుండ్రి" అనేవాడు. ఆ మావోళ్లు చాయ్ తాగొచ్చేదాకా నేను సంచుల మధ్య నిలబడాలి. ఒక నెల నిలబడ్డాను. ఆ తరువాత సంగారెడ్డి అంగడిలో ఎర్ర ప్లాస్టిక్ పిడి ఉన్న చాకొకటి కొన్నాను. మరుసటి లారీ వచ్చినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచేలోపే కుట్టు కోసి, పొడి తీసి, సీసా మూత పెట్టేశాను. ఆ రోజు ఆయన ముఖం నా దగ్గర ఫొటో తీసి పెట్టినంత భద్రంగా ఉంది.

చూసింది ఆయనొక్కడే కాదు. లారీ డ్రైవర్లూ చూశారు. పంజాబు నుంచి వచ్చిన ఒకాయన నా ఎర్ర చాకు అడిగి తీసుకుని, అరచేతిలో తూకం వేసినట్టు ఊపి, "యే తో ఖిలోనా హై, బెహన్‌జీ" అని, ఆటబొమ్మను చూసినట్టు పకపకా నవ్వాడు. తన జేబులోంచి ఇత్తడి మొలలు కొట్టిన కర్రపిడి చాకు తీసి సంచి మీద పెట్టాడు. ఊరికే తీసుకోవడం నా వల్ల కాదు. నా టిఫిన్ సంచిలో కంది ఊళ్లో మా తోట జామకాయలున్నాయి. అన్నీ ఆయన ఒళ్లో పోశాను. ఆయన ఒకటి కొరికి, కళ్లు మూసుకుని, ఆ కళ్లు అలాగే ఉంచి తల ఊపాడు.

ఆ మాట లారీ నుంచి లారీకి ఎలా పాకిందో నాకు తెలియదు. ఆ ల్యాబులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. జామకాయల కాలం వచ్చేసరికి ఎవరో ఒకరు చాకు తెచ్చేవారు. నేను సంచెడు కాయలిచ్చేదాన్ని. అలా ఆ దుప్పటి మీదున్నవాటిలో ముప్పై అయిదు, మా నాయిన చెట్ల కాయలకు వచ్చినవే.

ఏవి ఉంచుకోవాలి? పదునును బట్టి ఏరదామంటే సగం చాకులకు పదునే లేదు. అందంగా ఉన్నవి ఏరదామంటే అన్నీ అందంగానే ఉన్నాయి. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. చాకు చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకోవాలి. బొటనవేలితో తెరవాలి. టక్కుమన్న చప్పుడుతో ఎవరిదైనా ముఖం కనిపిస్తే పక్కన పెట్టాలి, కనిపించకపోతే ఇచ్చేయాలి. సైన్సు చదివినదాన్ని, ఇంతకన్నా మంచి పద్ధతి తోచలేదు.

చాలా చాకుల్లో ముఖాలు కనిపించలేదు. గోదాము మెట్లు, టార్పాలిన్ మీద నిలిచిన వాననీళ్లు, ఎవరిదో చేతి కడియం, ఎవరిదో దగ్గు. అవి ఎవరివో నాకే గుర్తు లేనప్పుడు డబ్బాలో పెట్టి మోయడం ఎందుకు? మడిచి కుడివైపు పెట్టాను. కుడివైపు కుప్ప పెరుగుతుంటే ఒళ్లు తేలికవుతున్నట్టు, కాస్త నిద్ర పడుతున్నట్టు ఉంది.

ఎర్ర చాకు ఎడమవైపు వచ్చింది. పంజాబాయన కర్రపిడి చాకూ వచ్చింది. చేప ఆకారంలో ఇత్తడిది ఒకటి. దాని డ్రైవరు రాజస్థాన్ వాడు. జామకాయ తొక్కను ఎక్కడా తెగకుండా ఒకే తాడులా తీసి, లారీ అద్దానికి తగిలించి వెళ్లిపోయాడు. ఆ ఆకుపచ్చ తొక్క ఊగుతూ ఊగుతూ గేటు దాటడం మళ్లీ చూశాను. నాలుగోది కొమ్ముపిడి చాకు. పళ్లన్నీ ఊడిన ముసలి డ్రైవరుది. కాయను కాగితమంత పల్చగా కోసి నాలుక మీద పెట్టుకుని, కరిగేదాకా మాట్లాడకుండా కూర్చునేవాడు. ఆయన పక్కన నేను కూడా మాట్లాడకుండా కూర్చునేదాన్ని. నా గురించి తెలిసినవాళ్లు ఇది నమ్మరు.

ఐదోది ఏదో ముందే తెలుసు కాబట్టి దాన్ని చివరికి ఉంచాను.

అది నాయిన చాకు. నాయిన ఉదయం కందిలో తోట పని చేసుకుని, మధ్యాహ్నం షిఫ్టుకు పటాన్‌చెరులో ఒక ఇనుప ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. అక్కడ ఇనుము కోసే రంపం బ్లేడు విరిగితే తుక్కులో పడేస్తారు. ఒక ఫిట్టరు ఆ ముక్కను సానబట్టి, తుమ్మకర్ర పిడి పెట్టి, జామకొమ్మలకు అంట్లు కట్టుకోవడానికి మడత చాకు చేసిచ్చాడు. అది రెండు జొన్నరొట్టెల మధ్య కూర్చుని గేటు దాటింది. గేటు దగ్గర జవాను టిఫిన్ తెరిచి, రొట్టె నొక్కి చూసి, "ఏం రొట్టెలే ఇవి, ఇనుమోలె ఉన్నయ్?" అన్నాడట.

"మా ఇంటిదాని చెయ్యి గట్లనే ఉంటది సారూ" అన్నాడట నాయిన.

చాకు ఇంటికొచ్చిన ఆనందం మా అమ్మకు ఆ మాటతో పోయింది.

నాయినది ఎడమచేతి వాటం. అంటు చాకుకు పదును ఒకవైపే పెడతారు. ఫిట్టరు కనుక్కుని మరీ, ఎడమచేతికి సరిపడేలా పదును పెట్టాడు. ఇంట్లో ఇంకో ఎడమచెయ్యి నాది. అందుకే ఆదివారం బావి గట్టు మీద దాన్ని సాన పట్టే పని నాకిచ్చాడు. పట్టిన తర్వాత చేతికివ్వకూడదు. ఉప్పు, మిరపకాయ, కత్తి చేతికిస్తే లొల్లవుతుందని అమ్మ నియమం. బండ మీద పెడితే నాయిన తీసుకునేవాడు. ఆయన బండ మీద పెడితే నేను తీసుకునేదాన్ని.

నాయిన పోయిన పదకొండో రోజున, బంధువులందరి ముందు, తమ్ముడు ఆ చాకు తీసి జేబులో వేసుకోబోయాడు.

"గది నాది" అన్నాను.

"తోట కత్తి అక్కా. తోట చేసెటోనికి ఉండాలె. తోట కాయలన్ని పంచి డబ్బెడు కత్తులు తెచ్చుకున్నవ్, గిదొక్కటి గూడ కావాల్నా?"

"నీ చేతికి పనికొస్తదా అది? నాయినది ఎడమచెయ్యి, నాది ఎడమచెయ్యి. ఇన్నేండ్లు సాన పట్టిందెవరు? ఒక్కనాడన్న నువ్వు పట్టినవా?"

నేను వాడి చేతిలోంచి చాకు లాక్కున్నాను. "కింద పెట్టకుండ గుంజుకున్నవ్, ఇగ సూడు" అంది అమ్మ. వాదనలో నేనే గెలిచాను. ఆ రోజు నుంచి తమ్ముడు నాతో మాట్లాడలేదు. ఏటా కాయలు మాత్రం పంపుతాడు. బస్సులో, ఎవరి చేతనో. సంచి విప్పితే కాయలే ఉంటాయి, మాట ఉండదు.

కిందటి నెల మరదలు ఫోను చేసింది. "గడ్డం గీసుకునే బ్లేడుతోని అంట్లు కడుతున్నడు వదినా. వేలు రెండుసార్లు తెగె. అక్కను అడగరాదా అంటే అడగడు. మీ ఇంటోళ్లంత గిట్లనేనా?"

"అడగనోడికి ఎవరిస్తరు?" అని పెట్టేశాను.

ఇప్పుడు ఆ చాకు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. బొటనవేలితో నెట్టాను. రాలేదు. గోరుతో లాగితే కీచుమంటూ సగం తెరుచుకుంది. నాయిన ముఖం కోసం చూశాను. కనిపించింది, కానీ ఒంటరిగా కాదు. జామకొమ్మను కిందికి వంచి పట్టుకుని తమ్ముడున్నాడు. ఉంగరంలా కొమ్మ చుట్టూ తోలు తీస్తూ నాయిన ఉన్నాడు. బకెట్లో నాచు నానబెట్టి, పిండి, అందిస్తూ నేనున్నాను. తోలు తీసినచోట తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, సుతిలి తాడుతో కడితే నెలన్నరకు వేళ్లు వస్తాయి. గాలి అంటు అంటారు దాన్ని. వాడు కొమ్మ వదిలేస్తే నాయిన చెయ్యి తెగేది. వాడు ఒక్కసారీ వదల్లేదు. పదకొండో రోజు వాదనలో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాడికి తోచలేదు. నాకు తోచలేదో, తోచనివ్వలేదో.

కళ్లు తెరిచేసరికి ముసురు ఇంకా అలాగే ఉంది. దుప్పటి మీద ఎడమవైపు నాలుగు చాకులున్నాయి.

"స్కూటరు తీయుండ్రి" అన్నాను లోపలికి.

"ఫ్లాటుకా?"

"కందికి."

ఆయన వచ్చి దుప్పటి వైపు చూశారు. "ఐదన్నాం కదా, నాలుగే ఉన్నాయేం?" అని అడగబోయి, నా చేతిలోది చూసి, వెళ్లి రెయిన్‌కోటు తొడుక్కున్నారు.

కంది తోటలో వాన కన్నా ఆకుల మీంచి కారే నీళ్లే ఎక్కువగా ఉన్నాయి. కొమ్మకొమ్మకూ తెల్ల ప్లాస్టిక్ మూటలతో, చెట్లన్నీ దెబ్బలు తగిలి కట్లు కట్టుకున్నట్టున్నాయి. తమ్ముడు బావి దగ్గరి చెట్టు కింద ఉన్నాడు. కొమ్మను మోచేత్తో అదిమి, రెండు వేళ్ల మధ్య బ్లేడు పట్టుకుని తోలు గీస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు, మళ్లీ దించుకున్నాడు. వాడి చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఆరేళ్లుగా పెళ్లిళ్లలో, పంక్తి భోజనాల్లో చూస్తూనే ఉన్నాను కానీ, ఇంత దగ్గరగా చూడలేదు.

దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాటలు నాలుగైదున్నాయి. చాకును బండ మీద పెట్టాను, నాయిన పెట్టే చోటే. వెళ్లి వాడు అదిమిన కొమ్మను రెండు చేతులతో వంచి పట్టుకున్నాను. వాడు మోచెయ్యి తీసేశాడు. ఒక ఉంగరం తీశాడు. ఇంకో కొమ్మకు వెళ్లాడు. నేనూ వెళ్లాను. ఆకుల నీళ్లు మా ఇద్దరి మెడల మీద పడుతున్నాయి.

మూడో కొమ్మ దగ్గర, కొమ్మతోనే మాట్లాడుతున్నట్టు, "గా బండ మీదెందుకు వెట్టినవ్?" అన్నాడు.

"చేతికిస్తే లొల్లయితదని అమ్మ చెప్పలేదా?"

"సైన్సు సదివినవ్ కదా. నీకెప్పటిసంది గీ పట్టింపులు?"

"నాకెక్కడియి? నీకుంటయేమోనని."

"నాకు లెవ్వు." బ్లేడును చెట్టు మొదట్లో గుచ్చి, తడిచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "ఆరేండ్లాయె, ఈ ఇంట్ల లొల్లి చేసెటోళ్లే లేకపాయె. చప్పగున్నది. చేతికియ్యి."

బండ మీది చాకు తీసి వాడి చేతిలో పెట్టాను. వాడి అరచెయ్యి నాయినది కన్నా గరుకుగా ఉంది. నా చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. వాడూ తీసేయలేదు.

తరువాత వాడు చాకు తెరవబోయాడు.

"గిదేంది అక్కా! తుప్పు! డబ్బల పండవెట్టి దుప్పటి కప్పినవా?"

"ఏటా దసరాకు పూజలో పెట్టి నూనె రాసిన!"

"ఏం నూనె?"

"కొబ్బరినూనె."

"దానికేమన్న జడ ఉన్నదా, కొబ్బరినూనె రాసెతందుకు?" కీలు దగ్గర గట్టిగా నొక్కి తెరిచి, పదును వెలుతురుకు తిప్పి చూశాడు. "సరే, ఉండనీ. రేపు దీన్ని అటుదిక్కు సాన వడతా. నాది కుడిచెయ్యి."

"ఏంది? నాయిన పదును తీస్తవా? ముట్టుకో, సూస్త!"

"మరి ఎట్ల కొయ్యాలె? కాళ్లతోనా?"

"నేను కోస్త. నువ్వు కొమ్మ పట్టు."

"ఇయ్యాల కోస్తవ్. వచ్చే ఐతారం?"

"వచ్చే ఐతారం వస్త."

"ఫ్లాటుల పడ్డంక వస్తవా నువ్వు? ఏమన్న మాట్లాడుతవ్!"

"రాకపోతే అప్పుడు అడుగు. రాకముందే పంచాది ఏంది?"

తోట పక్కనే ఉన్న ఇంటి గడపలోంచి అమ్మ కేకేసింది. "మల్ల మొదలువెట్టిన్రా? అన్నం పెట్టమంటరా, లొల్లితోనే కడుపు నింపుకుంటరా?" ఆమె గొంతులో కోపం వెతికినా దొరకలేదు. గడప దిగి, ముసుర్లోనే కొంగు తలమీద వేసుకుని, అక్కడే నిలబడి వింటోంది.

తమ్ముడు కొమ్మ వంచి పట్టాడు. చాకు నా ఎడమచేతిలోకి వచ్చింది. తోలు మొదటిసారి గీసేసరికే వాడు, లోతుగా దించుతున్నానని మొదలుపెట్టాడు. నాయిన ఇలాగే దించేవాడని నేనన్నాను. నాయిన దించేవాడు కాదు, కొమ్మ పట్టుకున్న తనకు తెలుసన్నాడు. కోసింది చూసిన నాకు తెలియదా అన్నాను.

బావి అవతల, స్కూటరు దగ్గర, మా ఆయన రెయిన్‌కోటులో ఎంతసేపటి నుంచి నిలబడ్డారో. "పొద్దు వాలుతోంది. వెళ్దామా?" అని మెల్లగా అడిగారు.

"ఉండుండ్రి" అన్నాను. "ఇంకా తేలలేదు."