చెంపకు తాకించిన గ్లాసు

మా రీసెర్చి గైడు డిచ్‌పల్లిలో లెక్కల ప్రొఫెసర్. స్పర్శ పోయిన చర్మంలో వేడి ఎలా పాకుతుందో సమీకరణాలు రాసేవారు. అక్కడి కుష్ఠు ఆసుపత్రికి వెళ్లినప్పుడు, రోగులకిచ్చే ప్రతి టీ గ్లాసునూ ముందు తన చెంపకు తాకించి చూసేవారు. "వాళ్లకు కాలేది తెల్వది. మనకన్న తెల్వాలె గదా," అనేవారు.

చివరి ఏడాది క్యాన్సర్ మందులకు ఆయన వేళ్లే మొద్దుబారాయి. ఒకరోజు నిజామాబాద్‌లో వాళ్లింటికి వెళితే, పొగలు కక్కుతున్న గ్లాసును గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

"సార్, చెయ్యి కాలుతది!"

"గట్లనా? నా లెక్క ప్రకారం ఎప్పుడో సల్లారాలె," అని నవ్వారు. అరచేయి కందిపోయింది.

అప్పట్నుంచి వెళ్లినప్పుడల్లా ఆయన గ్లాసు నేనే చెంపకు తాకించి ఇచ్చేవాణ్ని. "వేడి కొలిసేది నువ్వే. మన రీసెర్చి పేపర్ల నీ పేరే ముందు ఎయ్యాలె," అనేవారు.

ఆఖరి సాయంత్రం ఆయన కళ్లు తెరవలేదు. గ్లాసు నా చేతిలోనే చల్లారింది.