తిప్పిన వేలు

పానగల్‌లో ఒక మాట పుట్టింది. జానయ్య మస్కట్‌లో క్రేన్‌కు సైగలు చేసే పని చేయనే లేదట, ఒంటెలు కాసి వచ్చాడట. నల్గొండ దారిలో కడుతున్న రైస్ మిల్లు దగ్గర తప్పు సైగ చేసి, ఇనుప దూలాన్ని గోడకు కొట్టించాడట.

గోడ పెచ్చు ఊడిన మాట నిజమే. మేస్త్రీ మళ్లీ రావద్దన్నదీ నిజమే. అప్పటినుంచి జానయ్య మంచం మీద అటు తిరిగి పడుకుంటున్నాడు. ఇక్కడ పని దొరక్కపోతే మళ్లీ మస్కట్ పోతానని ఒకసారి అన్నాడు. ఆయన భార్య ఈదమ్మకు ఆ మాటే గుండెలో ఉండిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె మొగుణ్ని ఇంట్లో చూసిన దానికన్నా ఫోన్‌లో విన్నదే ఎక్కువ.

ఎవరినీ నిలదీసే మనిషి కాదామె. అయినా మిల్లు దగ్గర ఆ రోజు క్రేన్ నడిపిన లతీఫ్ చాయ్ హోటల్ దగ్గర కనిపిస్తే, ఒకసారి ఇంటికి రమ్మని అడిగింది. అతను వచ్చాడు గానీ మొహం ముడుచుకునే ఉన్నాడు. ఈదమ్మ ఇద్దరినీ పెరట్లో చేదబావి దగ్గరికి తీసుకెళ్లి, గిలక మీది తాడు లతీఫ్ చేతిలో పెట్టింది.

"తమ్ముడూ, గిది క్రేన్ అనుకో. బకీటు దూలం అనుకో. ఆయన చెయ్యి చూసి గుంజు."

లతీఫ్‌కు నవ్వొచ్చింది. "డీజిల్ గూడ నువ్వే పోస్తవా వదినా?"

"చాయ్ పోస్త. గుంజు."

జానయ్య బావి అవతల నిలబడి చేయి పైకెత్తాడు. చూపుడు వేలిని మెల్లగా గుండ్రంగా తిప్పాడు. లతీఫ్ తాడును పక్కకు లాగాడు. బకెట్ బావి గోడకు తగిలి సగం నీళ్లు ఒలికిపోయాయి.

"తిప్పమంటివి గద జానన్నా."

"తిప్పుడు గాదు. లేపుడు."

మస్కట్‌లో ఒకరి భాష ఒకరికి రాదు. అక్కడ వేళ్లే మాట్లాడతాయి. నల్గొండలో పని అంతా కేకల మీదే నడుస్తుంది, వేలు గుండ్రంగా తిప్పితే బండి తిప్పమనే అర్థం. లతీఫ్ తాడు వదల్లేదు. ఆపమంటే ఎట్లా, దించమంటే ఎట్లా అని ఒక్కొక్కటే అడిగాడు. బకెట్ ఎక్కింది, ఆగింది, దిగింది. చీర అంచు తడుస్తున్నా ఈదమ్మ అక్కడి నుంచి కదలలేదు.

పోయేటప్పుడు మేస్త్రీతో తానే మాట్లాడతానన్నాడు లతీఫ్. "పొద్దుగాల తయారుండు జానన్నా. నా బండి మీదనే పోదాం."

మిల్లు మీద మిగిలిన దూలాలన్నీ ఆ ఇద్దరే ఎక్కించారు. జానయ్య మస్కట్ మాట మళ్లీ ఎత్తలేదు. గోడ పెచ్చు ఊడిన రోజు ఆయన వేలు చెప్పింది లేపమనే.